మధుమేహం ఉన్నవారి పెద్దపేగు క్యాన్సర్ మార్కర్లను చదవడం ఎలా

పెద్దపేగు క్యాన్సర్‌కు చికిత్స పొందుతున్న మనిషికి మధుమేహం కూడా ఉంటే ఆ ఇంట్లో రెండు ఫైళ్లు తయారవుతాయి. ఒకదానిలో పరగడుపు చక్కెర, కొన్ని నెలల సగటు చక్కెరను చెప్పే హెచ్‌బీఏ1సీ ఉంటాయి. రెండోదానిలో సీఈఏ, సీఏ 19-9 అనే మార్కర్లు, అంటే రక్తంలో కొలిచే క్యాన్సర్ గుర్తులు, స్కాన్ రిపోర్టులు ఉంటాయి. మొదటి ఫైలు షుగర్ డాక్టరు చూస్తారు, రెండోది క్యాన్సర్ డాక్టరు చూస్తారు. రెండింటినీ ఒకే బల్లమీద పరిచి చూసే సందర్భం అరుదుగా వస్తుంది. కానీ రెండో ఫైల్లోని మార్కర్లు కూడా చక్కెర అణువులను మోసే పదార్థాలే. రక్తంలోని గ్లూకోజు కణంలోకి వెళ్లాక దానిలో కొంత ఆ చక్కెర గొలుసుల తయారీకే ముడిసరుకు అవుతుంది. అందువల్ల ఒక ఫైల్లోని అంకె రెండో ఫైల్లోని అంకెను ఎంతవరకు కదిలించగలదు, ఎక్కడ కదిలించలేదు అన్నది తెలిసి ఉండాలి. ఈ సంగతి తెలియనివారు రెండు రకాల పొరపాట్లు చేస్తారు: షుగర్ వల్ల కొద్దిగా పెరిగిన అంకెను చూసి క్యాన్సర్ తిరగబెట్టిందని హడలిపోవడం ఒకటి, నిజంగా తిరగబెట్టినప్పుడు పెరిగిన అంకెను షుగర్ ఖాతాలో వేసి ఊరుకోవడం రెండోది. రెండో పొరపాటు ప్రాణాంతకం కావచ్చు. ఈ వ్యాసం ముఖ్యంగా దాన్ని తప్పించడానికే రాస్తున్నాను. చికిత్స నిర్ణయాలు మీ వైద్యులవే. వారి ముందు సరైన కాగితం పెట్టి సరైన ప్రశ్న అడగడానికి ఇది పనికొస్తుంది.

ముందుగా ఏ పరీక్ష దేన్ని కొలుస్తుందో తెలుసుకోండి

సీఈఏను 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు పెద్దపేగు కణితుల్లో గుర్తించారు. అది కణం పైపొరకు అంటుకుని ఉండే ప్రొటీన్. దాని బరువులో సగానికి పైగా చక్కెర గొలుసులే ఉంటాయి. ఆ గొలుసులు తగులుకోవడానికి దానిమీద 28 చోట్లు ఉన్నాయి. అయినా ఆసుపత్రిలో చేసే సీఈఏ పరీక్షలోని యాంటీబాడీలు చాలావరకు ప్రొటీన్ భాగాన్నే పట్టుకుంటాయి. అంటే ఆ రిపోర్టులో కనిపించేది రక్తంలో సీఈఏ ఎంత ఉందన్న లెక్క మాత్రమే. దానిమీది గొలుసులు పొడుగయ్యాయా, కొమ్మలు వేశాయా అన్నది ఆ అంకెలో కనిపించదు.

సీఏ 19-9 సంగతి వేరు. 1979లో హిలరీ కోప్రోవ్‌స్కీ బృందం ఫిలడెల్ఫియాలోని విస్టార్ సంస్థలో పెద్దపేగు క్యాన్సర్ కణాలకు ఎదురుగా ఒక యాంటీబాడీని తయారుచేసింది. ఆ యాంటీబాడీ పట్టుకునేది ప్రొటీన్‌ను కాదు, నాలుగు చక్కెరలు కలిసిన ఒక ముక్కను: సియాలిక్ ఆమ్లం, గెలాక్టోజు, ఫ్యూకోజు, ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్. ఆ ముక్కకు సియాలిల్ లూయిస్-ఎ అని పేరు. అది ఏ ప్రొటీన్ మీద ఉన్నా, ఏ కొవ్వు అణువు మీద ఉన్నా పరీక్ష దాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. కాబట్టి చక్కెర గొలుసుల అల్లికలో మార్పు నేరుగా ప్రతిబింబించే అవకాశం ఉన్నది ఈ పరీక్షలోనే. ఈ తేడాను మనసులో పెట్టుకుంటే మిగతా విషయమంతా తేలిగ్గా అర్థమవుతుంది.

ఇక్కడే మరో గందరగోళాన్ని తొలగించుకోవాలి. హెచ్‌బీఏ1సీ కూడా చక్కెర అంటుకున్న ప్రొటీనే, సీఈఏ కూడా చక్కెర అంటుకున్న ప్రొటీనే. అయినా రెండూ ఒకటి కావు. హిమోగ్లోబిన్‌కు గ్లూకోజు దానంతటదే, ఏ ఎంజైమ్ సాయమూ లేకుండా, రక్తంలో చక్కెర ఎంత ఉంటే అంతగా అంటుకుంటుంది. దీన్ని గ్లైకేషన్ అంటారు. మార్కర్ల మీది గొలుసులు అలా ఏర్పడవు. కణం లోపల పదుల కొద్దీ ఎంజైమ్‌లు వరుసగా ఒక్కొక్క చక్కెరనూ ఎంచి, ఒక క్రమంలో అతికిస్తాయి. దీన్ని గ్లైకోసైలేషన్ అంటారు. మొదటిది తడి గోడకు దుమ్ము పట్టడం లాంటిది, రెండోది మగ్గం మీద నేత లాంటిది. షుగర్ రెండింతలైతే నేత రెండింతలు కాదు.

గ్లూకోజు గొలుసు దాకా చేరే దారి

కణంలోకి వచ్చిన గ్లూకోజులో ఎక్కువ భాగం శక్తి కోసం కరిగిపోతుంది. సుమారు 2 నుంచి 5 శాతం మాత్రం హెక్సోజమైన్ మార్గం అనే పక్కకాలువలోకి మళ్లుతుందని అంచనా. ఆ కాలువకు తూము జీఫాట్ అనే ఎంజైమ్. అది గ్లూకోజు నుంచి వచ్చిన ఫ్రక్టోజ్-6-ఫాస్ఫేట్‌కు గ్లుటమిన్ నుంచి తీసిన అమైన్‌ను కలుపుతుంది. చివరకు యూడీపీ-ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ అనే పదార్థం తయారవుతుంది. దీని తయారీలో గ్లూకోజు, గ్లుటమిన్, కొవ్వుల నుంచీ చక్కెర నుంచీ వచ్చే ఎసిటైల్ కో-ఎ, యూటీపీ అన్నీ కలుస్తాయి గనుక కణానికి తిండి ఎంత బాగా అందుతోందో ఈ ఒక్క పదార్థం పరిమాణం చెబుతుంది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును విపరీతంగా లాక్కుంటాయని ఒట్టో వార్‌బర్గ్ 1920లలోనే చూపించారు. కాబట్టి రక్తంలో చక్కెర ఎప్పుడూ ఎక్కువగా ఉండే మనిషిలో ఈ పక్కకాలువకు నీరు పెరగడానికి అవకాశం ఉంది.

పెరిగిన నీరు ఎక్కడికి పోతుంది? మూడు చోట్లకు పోతుంది. వాటిలో మొదటిదాన్ని కాస్త నిదానంగా చూడాలి.

ప్రొటీన్ల మీది గొలుసులకు కొమ్మలు వేసే ఎంజైమ్‌లు కొన్ని ఉన్నాయి. వరుసలో చివరగా వచ్చే ఎమ్‌గాట్5 వంటి వాటికి యూడీపీ-ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్‌ను పట్టుకునే బలం తక్కువ. మొదటి ఎంజైమ్‌లు కొద్దిపాటి సరుకుతోనే తమ పని కానిచ్చేసుకుంటాయి, చివరివాటికి సరుకు నిండుగా ఉంటేనే పని దొరుకుతుంది. కాలువ నిండుగా పారినప్పుడే చివరి మడికి నీరందినట్టు, సరఫరా పెరిగినప్పుడే ఈ చివరి కొమ్మలు పడతాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో ఎక్కువగా కనిపించే మార్పు సరిగ్గా ఈ కొమ్మలు పెరగడమే. ఆ కొమ్మల చివర గొలుసులు పొడుగై, వాటి కొసన సియాలిక్ ఆమ్లమూ ఫ్యూకోజూ చేరడానికి చోటు ఏర్పడుతుంది. సీఏ 19-9 పరీక్ష పట్టుకునే ముక్క అలాంటి కొసల్లో ఉండేదే. రక్తనాళాల లోపలి గోడమీద ఉండే ఇ-సెలెక్టిన్ అనే ప్రొటీన్ ఆ ముక్కను పట్టుకుంటుంది. రక్తంలో తేలుతున్న క్యాన్సర్ కణం గోడకు అంటుకుని మరో అవయవంలోకి దిగడానికి అది ఒక మెట్టు. అందుకే ఈ ముక్కను రిపోర్టులో వచ్చే ఒక అంకెగా మాత్రమే తీసుకోకూడదు, వ్యాధి వ్యాపించే తీరులో దానికి పాత్ర ఉంది.

రెండోది ఓ-గ్లిక్‌నాక్. కార్మెన్-రోసా టోరెస్, జెరాల్డ్ హార్ట్ 1984లో దీన్ని వెల్లడించారు. ఇది గొలుసు కాదు. కణం లోపలి ప్రొటీన్లకు, కేంద్రకంలోని ప్రొటీన్లకు అంటుకునే ఒంటరి చక్కెర. ఓజీటీ అనే ఎంజైమ్ దాన్ని అంటిస్తుంది, ఓజీఏ అనే ఎంజైమ్ తీసేస్తుంది. పెద్దపేగు క్యాన్సర్లలో దాదాపు 80 శాతంలో ఏపీసీ జన్యువు దెబ్బతిని, కణాన్ని పెరగమని పురిగొల్పే బీటా-కాటెనిన్ అనే ప్రొటీన్ కణంలో పేరుకుపోతుంది. ఈ ఒంటరి చక్కెర బీటా-కాటెనిన్‌కు అంటుకుంటే అది త్వరగా విచ్ఛిన్నం కాకుండా నిలుస్తుందని కణాలతో చేసిన ప్రయోగాల్లో తేలింది. ఓ-గ్లిక్‌నాక్‌ను రోజువారీ ఆసుపత్రి పరీక్షల్లో కొలవరు గనుక మీ ఫైల్లో అది ఎక్కడా కనిపించదు.

మూడోది సియాలిక్ ఆమ్లం. అదీ యూడీపీ-ఎన్-ఎసిటైల్ గ్లూకోజమైన్ నుంచే తయారవుతుంది; కాకపోతే దాని మొదటి ఎంజైమ్ జీఎన్ఈ, చివరి సరుకు పేరుకోగానే ఆగిపోయే ఏర్పాటు కణంలోనే ఉంది. చక్కెర పెరిగితే మార్కర్ తప్పక పెరుగుతుందని సూటిగా గీత గీయకూడదని నేను పట్టుబట్టడానికి ఇదొక కారణం.

2017లో బ్రెజిల్ పరిశోధకులు ఎలుక పెద్దపేగు క్యాన్సర్ కణాలను ఎక్కువ గ్లూకోజులో పెంచినప్పుడు సియాలిక్ ఆమ్లం, ఫ్యూకోజు చేరిన గొలుసులు పెరిగాయని, చక్కెర ఎక్కువగా ఉన్న ఎలుకల్లో కణితులు ఉధృతమయ్యాయని, హెక్సోజమైన్ మార్గాన్ని అణిస్తే ఆ ప్రభావం తగ్గిందని ప్రకటించారు. దారి ఉందనడానికి ఇది బలమైన ఆధారం. అయితే ఆ దారి ఒక మనిషి రిపోర్టులోని అంకెను ఎంత కదిలించిందో ఎలుకను చూసి చెప్పలేం. అందుకు ఆ మనిషి రిపోర్టులనే వరుసగా చదవాలి.

పరీక్షకు ముందు రాసుకోవలసినవి

ఒక కాగితం తీసుకుని ప్రతి రక్తపరీక్షకూ ఒక వరుస కేటాయించండి. తేదీ, సీఈఏ, సీఏ 19-9 చేయించి ఉంటే అది, అదే వారంలో తీసిన హెచ్‌బీఏ1సీ, హిమోగ్లోబిన్, పరగడుపు చక్కెర, కామెర్లను తెలిపే బిలిరుబిన్ రాసుకోండి. ఆ వరుస చివర కాస్త జాగా వదిలి, ఆ నెలలో జరిగినవన్నీ మాటల్లో రాయండి: కీమో ఏ రోజు ఎక్కించారు, రక్తం ఎక్కించారా, ఇనుము ఇంజెక్షన్లు ఇచ్చారా, జ్వరం వచ్చిందా, ఏ కొత్త మందు మొదలైంది, పొగతాగే అలవాటు కొనసాగుతోందా. తర్వాత పనికొచ్చేవి ఎక్కువగా ఆ మాటలే.

సీఈఏకు గానీ సీఏ 19-9కు గానీ పరగడుపున వెళ్లనవసరం లేదు. ఆ పూట తిన్న తిండి వాటిని మార్చదు. ఉదయం మీటరులో చక్కెర 250 చూపిందని మార్కర్ పరీక్షను వాయిదా వేసుకోనవసరం లేదు. గొలుసుల అల్లికమీద ప్రభావం ఉంటే అది వారాల తరబడి ఉన్న చక్కెరదే తప్ప ఆ ఉదయానిది కాదు. ప్రతిసారీ ఒకే ల్యాబులో, ఒకే పద్ధతితో పరీక్ష చేయించడం మాత్రం తప్పనిసరి. కిట్టు మారితే అంకె మారుతుంది, సీఏ 19-9 విషయంలో మరీ ఎక్కువగా మారుతుంది. ల్యాబు మార్చక తప్పకపోతే ఒకసారి రెండు చోట్లా చేయించి, కొత్త చోటి అంకెనే కొత్త మొదలుగా పెట్టుకోండి.

బయోటిన్ అనే విటమిన్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జుట్టుకనీ, కాళ్ల తిమ్మిర్లకనీ చాలామంది మధుమేహులు పెద్ద మోతాదు బయోటిన్ మాత్రలు వేసుకుంటారు. కొన్ని యంత్రాల్లో అది పరీక్షనే తప్పుదారి పట్టించి సీఈఏ వంటి మార్కర్లను ఉన్నదానికన్నా తక్కువగా చూపగలదు. బయోటిన్ వల్ల ల్యాబు పరీక్షలు తప్పుతున్నాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది కూడా. మాత్ర వేసుకుంటున్నట్టు ల్యాబువారికి చెప్పి, ఎన్ని రోజులు ఆపాలో వారినే అడగండి.

హెచ్‌బీఏ1సీని గుడ్డిగా నమ్మకండి

ఈ వ్యాధిలో మార్కర్ కన్నా ముందు మోసం చేసేది తరచుగా హెచ్‌బీఏ1సీయే. అది సాధారణంగా గత 2, 3 నెలల సగటు చక్కెరను చెబుతుంది. ఎర్ర రక్తకణం సుమారు 120 రోజులు బతుకుతుందన్న ఆధారం మీద ఆ లెక్క నిలబడుతుంది. పెద్దపేగు కుడివైపు కణితులు కంటికి కనిపించకుండా నెలల తరబడి కొద్దికొద్దిగా రక్తం కారుస్తాయి. దానితో ఇనుము లోపించి రక్తహీనత వస్తుంది. ఇనుము లోపించినప్పుడు హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. ఇనుము ఇచ్చాక కొత్త కణాలు పుట్టుకొచ్చినా, మరొకరి రక్తం ఎక్కించినా అది తక్కువ చూపుతుంది. శస్త్రచికిత్సకు ముందూ తర్వాతా జరిగేవి సరిగ్గా ఇవే.

ఒక ఉదాహరణ చూద్దాం. శస్త్రచికిత్సకు ముందు హిమోగ్లోబిన్ 7.8, హెచ్‌బీఏ1సీ 8.1 ఉన్నాయనుకుందాం. రెండు సీసాల రక్తం ఎక్కించారు, ఇనుము ఇచ్చారు. ఆరు వారాల తర్వాత హెచ్‌బీఏ1సీ 6.6 వచ్చింది. ఇంట్లో అందరూ షుగర్ అదుపులోకి వచ్చిందని సంతోషిస్తారు. ఇప్పుడు మీటరు పుస్తకం తెరవండి. హెచ్‌బీఏ1సీని 28.7తో గుణించి 46.7 తీసివేస్తే సగటు చక్కెర డెసిలీటరుకు మిల్లీగ్రాముల్లో వస్తుంది, 6.6కు అది దాదాపు 143. మీటరు పుస్తకంలో మాత్రం పరగడుపున 180, భోజనం తర్వాత 240 ఉన్నాయనుకోండి. అప్పుడు 6.6 అన్నది ఎక్కించిన రక్తం చెప్పిన మాట, ఆ మనిషి చక్కెర చెప్పిన మాట కాదు. ఈ 6.6ను పట్టుకుని చక్కెర బాగుంది గనుక మార్కర్ పెరుగుదలకు దానితో సంబంధం లేదని తేల్చినా తప్పే, 8.1ని పట్టుకుని అంతా చక్కెర వల్లేనని తేల్చినా తప్పే. ఇలాంటి సమయంలో గ్లైకేటెడ్ అల్బుమిన్ లేదా ఫ్రక్టోజమైన్ పరీక్ష గురించి వైద్యుణ్ని అడగండి. అవి గత 2, 3 వారాల చక్కెరను చెబుతాయి, ఎర్ర రక్తకణాలతో వాటికి పనిలేదు. రక్తంలో అల్బుమిన్ బాగా పడిపోయిన రోగిలో అవీ తప్పుతాయి గనుక, అలాంటివారికి మీటరు పుస్తకమే అన్నిటికన్నా మేలైన సాక్షి.

కీమో రోజుల చక్కెరనూ వేరుగా గుర్తించాలి. వాంతులు రాకుండా ఇచ్చే డెక్సామెథసోన్ స్టెరాయిడ్. ఉదయం ఇచ్చిన మోతాదుకు మధ్యాహ్నం, సాయంత్రం చక్కెర పెరుగుతుంది. మర్నాటి పరగడుపు అంకె మామూలుగానే ఉండవచ్చు. అందువల్ల పరగడుపున మాత్రమే చూసుకునేవారికి ఈ పెరుగుదల కనిపించదు. కీమో తర్వాత రెండు మూడు రోజులు సాయంత్రం భోజనానికి ముందు కూడా చూసి రాసుకోండి.

ఇప్పుడు అంకెలను చదవండి

సీఈఏకు సాధారణంగా వాడే హద్దు మిల్లీలీటరుకు 5 నానోగ్రాములు. పొగతాగేవారిలో కొంచెం ఎక్కువే ఉంటుంది. సీఏ 19-9కు హద్దు 37 యూనిట్లు. మధుమేహం ఉన్నవారిలో, క్యాన్సర్ లేకపోయినా, ఈ రెండూ సగటున కొద్దిగా ఎక్కువగా ఉంటాయి. సీఏ 19-9లో ఈ ధోరణి మరింత స్పష్టం. హెచ్‌బీఏ1సీ బాగా ఎక్కువగా ఉన్నవారిలో హద్దు దాటడమూ, చక్కెర అదుపులోకి వచ్చాక తగ్గడమూ పలు అధ్యయనాల్లో గమనించారు. దీనికి గొలుసుల అల్లిక ఒక్కటే కారణమని అనుకోవద్దు. ఆ ముక్కను తయారుచేసే అవయవాల్లో క్లోమం ముఖ్యమైనది. చక్కెర ఎక్కువై క్లోమం ఒత్తిడికి గురైనా రక్తంలో అది పెరగవచ్చు.

చక్కెర వల్ల వచ్చే పెరుగుదల స్వల్పంగా ఉంటుంది. హెచ్‌బీఏ1సీ 11.2, సీఏ 19-9 52, సీఈఏ 2.4, స్కాన్‌లో ఏమీ లేదు, కామెర్లు లేవు అనుకుందాం. ఇలాంటప్పుడు చక్కెరను అదుపులోకి తెచ్చి, వైద్యుడు చెప్పిన గడువులో మళ్లీ పరీక్ష చేయించడం సహేతుకం. మూడు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 7.4కు, సీఏ 19-9 31కి దిగితే రెండు అంకెలూ కలిసి నడిచాయన్నమాట. హెచ్‌బీఏ1సీ దిగినా సీఏ 19-9 దిగకపోతే, లేదా పెరిగితే, చక్కెర అన్న వివరణ అక్కడితో చెల్లిపోయింది. ఇక పైత్యనాళాలు, కాలేయం, క్లోమం చూడాలి. మధుమేహం ఈమధ్యే హఠాత్తుగా వచ్చి, బరువు కూడా తగ్గుతున్న నడివయసు దాటిన మనిషిలో సీఏ 19-9 పెరిగితే ఈ మూడు నెలలు కూడా ఆగకూడదు. క్లోమ క్యాన్సర్‌కు కొత్త మధుమేహమే మొదటి గుర్తు కావచ్చు. అక్కడ చక్కెర కారణం కాదు, ఫలితం.

సీఈఏ విషయంలో నా మాట మరింత కఠినంగా ఉంటుంది. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయ్యాక సీఈఏ సాధారణంగా 4 నుంచి 6 వారాల్లో మామూలు స్థాయికి దిగుతుంది. ఆ తర్వాత మొదటి రెండేళ్లు 3 నుంచి 6 నెలలకోసారి, ఐదేళ్లు నిండేవరకు 6 నెలలకోసారి చూడడం పరిపాటి. ఆ వరుసలో 2.1, 2.3, 3.9, 6.4 అని అంకెలు ఎక్కుతూ పోతుంటే ఆ కాలంలో షుగర్ ఎలా ఉన్నా సరే, దాన్ని షుగర్‌కు ఆపాదించకూడదు. వెంటనే మళ్లీ పరీక్ష చేయించి, పెరుగుదల నిజమైతే స్కాన్లు, అవసరమైతే కొలనోస్కోపీ చేయించాలి. మధుమేహం సీఈఏను కొంచెం ఎత్తులో నిలబెట్టగలదేమో గానీ నెలనెలా మెట్లెక్కించదు. హద్దు లోపలే ఉంది కదా అని 3.9 దగ్గర ధీమాగా ఉండడమూ సరికాదు. ఆ మనిషికి అలవాటైన అంకె 2.1 అయినప్పుడు 3.9 దాదాపు రెండింతలు.

ఒక మినహాయింపు ఉంది. కొత్త కీమో మొదలైన మొదటి 4 నుంచి 6 వారాల్లో, ముఖ్యంగా ఆక్సాలిప్లాటిన్ ఉన్న చికిత్సలో, సీఈఏ తాత్కాలికంగా పెరిగి తర్వాత దిగవచ్చు. ఆ రోజుల్లోనే డెక్సామెథసోన్ వల్ల చక్కెరా పెరుగుతుంది. రెండూ ఒకేసారి పెరిగాయి గనుక ఒకటి రెండోదానికి కారణమని అనిపించడం సహజం. కానీ రెండింటికీ మూలం ఆ చికిత్సే.

సీఏ 19-9 అసలు రానివారూ ఉంటారు. లూయిస్ రక్తవర్గం లేనివారిలో, అంటే దాదాపు 5 నుంచి 10 శాతం మందిలో, ఆ నాలుగు చక్కెరల ముక్కకు ఫ్యూకోజును అతికించే ఎంజైమ్ పనిచేయదు. వారి రిపోర్టులో అంకె ఎప్పుడూ సున్నాకు దగ్గరగానే ఉంటుంది. చక్కెర ఎంత పెరిగినా, క్యాన్సర్ ఎంత ముదిరినా ఆ అంకె వారికి ఏమీ చెప్పదు. అసలు పెద్దపేగు క్యాన్సర్ వెంబడింపుకు సీఏ 19-9ను అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం ఆస్కో సిఫారసు చేయలేదు. మీ రిపోర్టులో అది ఉంటే ఎందుకు చేయించారో అడిగి తెలుసుకోండి. సీఈఏ గానీ సీఏ 19-9 గానీ ఆరోగ్యవంతుల్లో క్యాన్సర్‌ను కనిపెట్టడానికి పనికిరావు. మధుమేహుల్లో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు ఇతరులకన్నా సుమారు 1.3 రెట్లు ఎక్కువ గనుక, వారు మార్కర్ చూసుకుని ధైర్యపడకుండా, వయసుకు తగ్గట్టు మలపరీక్ష గానీ కొలనోస్కోపీ గానీ చేయించుకోవాలి.

చక్కెర తినడం మానేస్తే మార్కర్ పడిపోయి క్యాన్సర్ ఎండిపోతుందన్న ప్రచారం గురించి ఒక మాట చెప్పి తీరాలి. ఏమీ తినకపోయినా కాలేయం రక్తంలోకి గ్లూకోజు వదులుతూనే ఉంటుంది, క్యాన్సర్ కణం దాన్ని తీసుకుంటూనే ఉంటుంది. కడుపు మాడ్చుకున్న రోగికి కండ కరిగి, కీమో తట్టుకునే శక్తి పోతుంది. చక్కెరను అదుపులో పెట్టుకోవలసింది గాయం మానడానికి, ఇన్‌ఫెక్షన్లు రాకుండా ఉండడానికి, రిపోర్టులు మసకబారకుండా ఉండడానికి. అది ఆహార నిపుణుల సలహాతో, మందులతో జరగాలి.

ప్రయోగశాల వార్తలను చదివేటప్పుడు

అధిక గ్లూకోజు క్యాన్సర్ కణాలను రెచ్చగొట్టిందన్న వార్త చదివినప్పుడు మొదట ఆ గ్లూకోజు ఎంతో చూడండి. మిల్లీమోలార్ అంకెను 18తో గుణిస్తే మనకు తెలిసిన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 5.5 అంటే దాదాపు 100, అది ఆరోగ్యవంతుడి పరగడుపు స్థాయి. 25 అంటే 450. కణాలను పెంచడానికి ప్రపంచమంతటా వాడే ఒక రకం ద్రావణంలో గ్లూకోజు ఉండేది సరిగ్గా ఈ 25 మిల్లీమోలారే. అంటే ఏ మధుమేహమూ ఊసెత్తని ప్రయోగాల్లో కూడా కణాలు ఏళ్ల తరబడి 450 చక్కెరలో బతికి ఉండవచ్చు. వాటిని 5.5కు దించినప్పుడు వచ్చే మార్పు మామూలు స్థితి లక్షణమా, అలవాటు తప్పిన ఇబ్బందా అన్నది ఆలోచించవలసిన విషయం.

తర్వాత పోల్చడానికి పెట్టిన జోడీని చూడండి. గ్లూకోజు పెంచితే ద్రావణం చిక్కబడి కణం లోపలి నీరు లాగుతుంది. ఆ ఒత్తిడి వల్ల వచ్చిన మార్పును చక్కెర ప్రభావంగా పొరబడకుండా ఉండాలంటే ద్రావణాన్ని అంతే చిక్కబరచినా కణం వాడుకోని మానిటాల్‌ను అంతే మోతాదులో కలిపిన గిన్నె ఒకటి పక్కన ఉండాలి. ఎలుకల ప్రయోగమైతే మధుమేహం ఎలా తెప్పించారో చూడండి. అందుకు తరచుగా వాడే స్ట్రెప్టోజోటోసిన్ అణువులో గ్లూకోజమైన్ ముక్కే ఉంది, అది ఓజీఏను కూడా అడ్డుకోగలదన్న నివేదికలు ఉన్నాయి. ఓ-గ్లిక్‌నాక్‌ను కొలిచే ప్రయోగంలో ఆ మందు వాడితే ఫలితం చక్కెరదో మందుదో విడదీసి చూపాలి. గొలుసులను లెక్టిన్లతో, అంటే చక్కెరలను పట్టుకునే ప్రొటీన్లతో, గుర్తిస్తే, సియాలిక్ ఆమ్లాన్ని కోసివేసే న్యూరమినిడేజ్ వేసినప్పుడు ఆ గుర్తు మాయమైందా అని చూడండి. ఈ సాక్ష్యాలున్న వ్యాసానికే ఎక్కువ విలువ ఇవ్వండి.

పెట్ స్కాన్ రోజు

మార్కర్ పెరిగి పెట్ స్కాన్‌కు పంపితే చక్కెర మళ్లీ ఎదురొస్తుంది. ఆ స్కాన్‌లో ఎక్కించే ఎఫ్‌డీజీ కూడా ఒక రకం గ్లూకోజే. రక్తంలో గ్లూకోజు ఎక్కువగా ఉంటే కణితి ఎఫ్‌డీజీని తక్కువగా తీసుకుని, బొమ్మలో మసకగా కనిపించవచ్చు. అందుకే చాలా కేంద్రాలు చక్కెర 200 దాటితే స్కాన్ వాయిదా వేస్తాయి. దాన్ని దించుదామని వెళ్లే ముందు ఇన్సులిన్ వేసుకుంటే ఎఫ్‌డీజీ కండరాల్లోకి పోయి బొమ్మ చెడుతుంది. మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర వేసుకునేవారిలో పేగు వెలిగిపోయి కణితిని దాచేయవచ్చు. చాలాచోట్ల 48 గంటల ముందు ఆపమంటారు, కానీ అది మీ వైద్యుడు చెప్పాకే ఆపాలి. అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే మధుమేహం ఉందని, ఏ మందులు ఏ వేళకు వాడుతున్నారో చెప్పి, ఏ వేళ అనుకూలమో అడగండి. స్కాన్ గదిలోకి వెళ్లేముందు వేలి నుంచి తీసి చూసిన చక్కెర అంకెను అడిగి తెలుసుకుని, మీ కాగితంలో ఆ నెల సీఈఏ పక్కన రాసుకోండి.